రంది గురించి పాఠం ఎవరు చెప్పాలె

నల్లగొండ, పాలమూరు దిక్కు నర్సింగ్ చదివే పిల్లలకు సైకియాట్రీ పోస్టింగ్ అంటే ముందుగా గుర్తొచ్చేది హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి. బీఎస్సీ నర్సింగ్ కొత్త సిలబస్‌లో మెంటల్ హెల్త్ నర్సింగ్ ఐదు, ఆరు సెమిస్టర్లలో ఉంటది. పోస్టింగ్‌లో హిస్టరీ తీసుకోవాలె, మెంటల్ స్టేటస్ ఎగ్జామినేషన్ (మనసు స్థితి పరీక్ష) చెయ్యాలె, పేషెంట్‌తో నడిచిన మాటను ఉన్నదున్నట్టు ప్రాసెస్ రికార్డింగ్‌గా రాయాలె, కేర్ ప్లాన్, కేస్ ప్రెజెంటేషన్ ముగించి లాగ్‌బుక్ మీద సంతకం పెట్టించుకోవాలె. ఏ మానసిక వార్డులోనైనా ఓపికగా మాట్లాడే పేషెంట్లు కొద్దిమందే. అందుకని వచ్చిన ప్రతి బ్యాచ్ వాళ్ల చుట్టే చేరుతది. "చెవుల్ల మాటలు ఎప్పటి సంది వినబడుతున్నయి" అని ఒకే మనిషిని వారంలో ఎంతమంది అడుగుతారో లెక్క ఉండదు. ఆయన కూడా ఒక తయారు జవాబు పెట్టుకుంటాడు. పిల్లలు దాన్ని రాసుకుని పోతారు. ఇద్దరిలో ఎవ్వరికీ దక్కేది ఏమీ ఉండదు.

రందిని, అంటే మనసు బాధను, మానసిక జబ్బును మోసినవాళ్లను వార్డులో మంచం మీద కాదు, తరగతిలో పంతులు కుర్చీలో కలవాలె. పోస్టింగ్ అయిపోయినాక కాదు, అయ్యేముందే. నర్సింగ్ పరిశోధనలో కూడా వాళ్లు ఫారం నింపే చేతులుగా మిగలకుండా, ప్రశ్న రాసే చేతులు కావాలె. ఇది కొత్త ముచ్చటేం కాదు. మెల్‌బోర్న్ యూనివర్సిటీలో సైకియాట్రిక్ నర్సింగ్ కేంద్రం 2000లోనే, మానసిక చికిత్స పొందిన మనిషికి ఆ అనుభవమే అర్హతగా అధ్యాపక ఉద్యోగం ఇచ్చింది. తర్వాత ఆస్ట్రేలియా, ఐర్లండ్, నార్వే, ఫిన్లాండ్, ఐస్‌లాండ్, నెదర్లాండ్స్ కాలేజీలు కలిసి 'కమ్యూన్' పేరుతో ఒక నర్సింగ్ పాఠాన్నే అట్లాంటి వాళ్లతో కూర్చుని రాసుకున్నయి. మన దగ్గర చేయడానికి అంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. ఒక గది, ఇద్దరు మనుషులు, ముందుగా నాలుగు జాగ్రత్తలు ఉంటే మొదలుపెట్టొచ్చు.

పేరు దగ్గర కొంచెం ఆగాలె. ఆస్ట్రేలియాలో కన్స్యూమర్ అంటారు, బ్రిటన్‌లో సర్వీస్ యూజర్ అంటారు. 'వినియోగదారుడు' అని మనం తర్జుమా చేస్తే కరెంటు బిల్లు యాదికొస్తది. 'రోగి' అంటే మళ్లీ మంచం మీదికే పోతం. 'అనుభవం ఉన్నోళ్లు' అంటే ఊర్లో ఎవరికైనా అర్థమైతది, వాళ్లకూ ఇబ్బంది ఉండదు. వచ్చినవాళ్లను ఏమని పిలవాలో మాత్రం వాళ్లనే అడగాలె. పిల్లలు 'అక్కా', 'అన్నా', 'పెద్దమ్మా' అని పిలుస్తారు, అది సరిపోతది. పేరు పక్కన జబ్బు పేరు తగిలించి పరిచయం చేయొద్దు.

చట్టం మన పక్కనే ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 నుంచి అమల్లో ఉంది. కేసులు చూసే రివ్యూ బోర్డుల్లో జబ్బు అనుభవించినవాళ్లు, వాళ్లను చూసుకునేవాళ్లు, లేదా వాళ్ల సంఘాల తరఫు మనుషులకు రెండు స్థానాలు ఉండాలని అదే చట్టం చెప్పింది. బోర్డులో కూర్చుని తీర్పులో పాలుపంచుకోగల మనిషి, ఇరవై ఏళ్ల పిల్లలకు పాఠం చెప్పలేడా?

సరే, ఎట్లా చెయ్యాలె. మనిషిని వెతకడం దగ్గరే సగం తప్పులు జరుగుతయి. వైద్యం చేస్తున్న డాక్టరుతోనో, వార్డు సిస్టర్‌తోనో అడిగించొద్దు. మందులు ఇచ్చే మనిషి "కాలేజీకి వస్తవా" అంటే కాదనడం కష్టం. ఓపీలో ఒక కాగితం అతికించి, ఆ వైద్యంతో సంబంధం లేని అధ్యాపకురాలి పేరు, ఫోన్ నంబరు రాయండి. ఇష్టమున్నవాళ్లు వాళ్లే ఫోన్ చేస్తారు. పది మంది చూస్తే ఒక్కరు చేస్తారేమో, ఆ ఒక్కరు చాలు. అప్పుడు అడ్మిషన్‌లో ఉన్నవాళ్లను పిలవొద్దు. అట్లని పూర్తిగా నయమైనవాళ్లే రావాలన్న షరతు కూడా పెట్టొద్దు. ఇప్పటికీ మాటలు వినబడుతూనే పత్తి ఏరి, పిల్లలను బడికి పంపే మనిషి దగ్గర నేర్చుకునేదే ఎక్కువ.

ఒక్కరిని కాదు, ఇద్దరిని పిలవాలె. ఒక్కరే వస్తే ఆ మనిషి కథే జబ్బు మొత్తం అని పిల్లలు అనుకుంటారు. ఇద్దరు ఒకే మందు గురించి ఎదురెదురు మాటలు చెప్పినప్పుడే పాఠం మొదలైతది. పైగా ఒకరికి గొంతు పూడుకుపోతే ఇంకొకరు అందుకుంటారు.

క్లాసుకు వారం ముందు ఒకసారి కూర్చోవాలె. మూడు సంగతులు తేల్చుకోవాలె: ఏం చెప్తారు, ఏం చెప్పరు, చెప్పొద్దనుకున్నది ఎవరన్నా అడిగితే ఏమంటారు. "ఆ సంగతి ఒద్దు బిడ్డా" అన్న ఒక్క ముక్క ముందే నోట్లో పెట్టుకుంటే క్లాసులో కంగారు ఉండదు. తర్వాత మన జిల్లాలకు ప్రత్యేకమైన పని ఒకటుంది. ఆ బ్యాచ్ పిల్లలు ఏ మండలాల నుంచి వచ్చారో జాబితా తీసి వాళ్లకు చూపించాలె. దేవరకొండ నుంచి వచ్చిన అక్కకు, రెండో వరుసలో తన ఆడబిడ్డ ఊరి పిల్ల కూర్చుని ఉందని క్లాసు మధ్యలో తెలియకూడదు. పెండ్లి కావలసిన ఆడపిల్ల ఉన్న ఇంటికి ఇది ప్రాణం మీది సంగతి. అట్లాంటి పిల్ల ఉంటే క్లాసు గ్రూపు మార్చండి, లేదా ఆ మనిషిని వేరే జిల్లా కాలేజీకి పంపండి. నల్లగొండ వాళ్లు మహబూబ్‌నగర్‌లో, అటోళ్లు ఇటు చెప్పుకునే ఏర్పాటు అన్నిటికన్నా మంచిది.

టైము పొద్దున తొమ్మిదికి పెట్టొద్దు. రాత్రి వేసుకున్న ఒలాంజపిన్, క్వెటియాపిన్ లాంటి మానసిక మందుల మత్తు పొద్దున దాకా లాగుతది, బస్సు ప్రయాణం వేరే. పదకొండు గంటలైతే అందరికీ బాగుంటది. వరి నాట్లప్పుడు, పత్తి ఏరే నెలల్లో పిలిస్తే కూలి పోతది, ఆ రోజులు వదిలిపెట్టండి.

డబ్బు గురించి సిగ్గుపడకుండా మాట్లాడాలె. గెస్ట్ లెక్చరర్‌కు గంటకు ఎంతిస్తారో అంతే ఇవ్వాలె. బస్సు ఛార్జీ, తోడు వచ్చిన మనిషి ఛార్జీ, భోజనం అదనం. అదే రోజు, వాళ్ల చేతికి ఇవ్వాలె. బ్యాంకులో వేస్తమంటే, ఆ ఖాతా ఏటీఎం కార్డు అన్న దగ్గరో మామ దగ్గరో ఉండొచ్చు. శాలువా కప్పి, మెమెంటో ఇచ్చి, ఫోటో తీసి పంపడం జీతం కాదు. ఆ ఫోటో కాలేజీ వాట్సాప్ గ్రూపులో పడితే ఇంకో తప్పు చేసినట్టు.

క్లాసులో ఇరవై మందికి మించొద్దు. అరవై మంది బ్యాచ్‌ను ఒకే హాల్లో కూర్చోబెట్టి మైకు ఇస్తే అది సభ అయితది. కుర్చీలు గుండ్రంగా వేయాలె, అందరివీ ఒకేరకం కుర్చీలు ఉండాలె. గంటన్నరలో వాళ్లిద్దరి మాట అరగంట, ప్రశ్నలు నలభై నిమిషాలు, ఆఖరి ఇరవై నిమిషాలు కేర్ ప్లాన్ మీద. పిల్లలు ముందే రాసుకొచ్చిన కేర్ ప్లాన్‌ను వాళ్ల ముందు చదవాలె, వాళ్లు దిద్దాలె. అసలు చదువు ఈ ఇరవై నిమిషాల్లోనే ఉంది.

ఏం దిద్దుతారు? బైపోలార్ జబ్బుకు (మనసు అతిగా ఎగసి, మళ్లీ పడిపోయే జబ్బు) ఇచ్చే లిథియం సంగతి చూడండి. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలె, 1.5 దాటితే విషం అని పుస్తకంలో ఉంటది. పిల్లలు "నీళ్లు ఎక్కువ తాగమని సలహా" అని రాస్తారు. నల్లగొండ ఎండలో మే నెల ఉపాధి పని చేసే మనిషికి చెమటతో నీళ్లూ ఉప్పూ రెండూ పోతయి, లిథియం పెరుగుతది. సాయంత్రం ఒళ్లు నొప్పులని ఊరి ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే డైక్లోఫెనాక్ సూది వేస్తాడు, దాంతో ఇంకా పెరుగుతది. చేతులు వణకడం, వాంతులు, తూలి నడవడం చూసి తాగినాడని అనుకుంటారు. కాబట్టి కేర్ ప్లాన్‌లో రాయాల్సిన మాటలు ఇవి: ఉప్పు మానొద్దు, నొప్పి సూది వేయించుకునేముందు లిథియం మాత్ర చూపించాలె, వాంతులు విరేచనాలు పట్టుకుంటే వెంటనే ఆసుపత్రికి రావాలె. రక్త పరీక్షలో ఇంకో చిక్కు. మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం తీయాలె. ఊరి నుంచి మొదటి బస్సుకు బయలుదేరే మనిషి మాత్ర వేసుకునే వస్తాడు, రిపోర్టు ఎక్కువ చూపిస్తది, డోసు తగ్గిస్తారు, రెండు నెలలకు జబ్బు తిరగబడుతది. "రక్తం ఇచ్చినంకనే పొద్దుటి మాత్ర" అని ముందు విజిట్‌లోనే చెప్పి చీటీ మీద రాయాలె.

మందు వల్ల వచ్చే అకతీసియా ఇంకో ఉదాహరణ. హాలోపెరిడాల్ లాంటి మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకు కాళ్లు నిలవవు. కూసోనియ్యది, నిలబడనియ్యది, లోపల నుంచి ఎవరో తోస్తున్నట్టు ఉంటది. బయట నుంచి చూసే నర్సు 'చాలా అశాంతిగా ఉన్నాడు, మాట వినడం లేదు' అని రాస్తది. దాన్ని చదివి డోసు పెంచితే కష్టం రెట్టింపైతది. చేయాల్సింది డోసు తగ్గించమని డాక్టర్‌ను అడగడం, ప్రొప్రనొలాల్ గురించి గుర్తుచేయడం. లోపలి బాధకూ కోపానికీ తేడా పట్టాలంటే ఒకటే ప్రశ్న: "మనసు ఆగుతలేదా, కాళ్లు ఆగుతలేవా?" ఈ ప్రశ్న ఆ కాళ్లున్న మనుషులకే తోస్తది.

కల్లు ముచ్చట అయితే మన ప్రాంతపు సొంత పాఠం. హిస్టరీ ఫారంలో 'మద్యం తాగుతారా' అని ఉంటది. మనిషి "మందు ముట్ట సిస్టర్" అంటాడు, అబద్ధం కాదు. ఇక్కడ మందు వేరు, కల్లు వేరు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. ఆసుపత్రిలో చేరిన రెండు మూడు రోజులకు ఒళ్లు వణుకుతది, నిద్ర పట్టదు, లేనివి కనబడతయి, ఫిట్స్ వస్తయి. ఇంటోళ్లు గాలి సోకిందంటారు, నర్సు సైకోసిస్ (లేనివి ఉన్నట్టు తోచే మానసిక జబ్బు) అని రాసుకుంటది, ఇద్దరూ దారి తప్పుతారు. కల్లుకు అలవాటు పడి బయటపడ్డ మనిషిని కూర్చోబెడితే ఫారంలో ఆ గీత ఆయనే మారుస్తాడు: కల్లు తాగుతరా, రోజుకు ఎన్ని సీసాలు, ఏ దుకాణం, ఆఖరిసారి ఎప్పుడు. ఆఖరి ప్రశ్నకు జవాబే ఫిట్స్ ఎప్పుడు రావచ్చో చెప్తది.

మెంటల్ స్టేటస్ ఎగ్జామినేషన్‌లో 100 నుంచి ఏడు తీసేస్తూ పోవడం మీద కూడా వాళ్ల మాట వినాలె. బడి ముఖం చూడని మనిషి అది చేయలేకపోతే 'ఏకాగ్రత లోపం' అని రాస్తున్నరు. వారాల పేర్లు వెనక్కి చెప్పించండి, లేదా ఐదు వందల నోటు ఇచ్చి మూడు వందల ఇరవై సరుకు కొంటే చిల్లర ఎంతని అడగండి. తండాల నుంచి వచ్చినవాళ్లకు లంబాడీ భాషలో, నారాయణపేట, మక్తల్ అంచున కన్నడంలో అడగాల్సి రావచ్చు. తెలుగు సామెత విప్పలేదని ఆలోచనా శక్తి తగ్గిందని రాయడం అన్యాయం.

వార్డులో పేషెంట్‌ను కట్టివేయడం గురించిన క్లాసు అన్నిటికన్నా బరువైంది. చట్టంలో 97వ సెక్షన్ ఒంటరి గదిలో బంధించడాన్ని పూర్తిగా నిషేధించింది. కట్టివేత అప్పటికప్పుడు జరగబోయే హాని ఆపడానికి వేరే దారి లేనప్పుడే, సైకియాట్రిస్ట్ అనుమతితోనే. శిక్షగా కట్టొద్దు, స్టాఫ్ లేరని కట్టొద్దు, ప్రతిసారీ నామినేటెడ్ ప్రతినిధికి (పేషెంట్ తరఫున నిలబడే మనిషికి) 24 గంటల్లో చెప్పాలె. ఇదంతా అధ్యాపకురాలు చెప్పొచ్చు. కట్టినప్పుడు పక్కన నిలబడిన నర్సు ఏం మాట్లాడితే భయం తగ్గుతది, నీళ్లు, మూత్రం, 'ఎంతసేపు' అన్న మాట ఎంత ముఖ్యం అన్నది కట్టబడిన మనిషి చెప్పాలె. అయితే ఈ పాఠం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టొద్దు, మొదటి క్లాసులోనే అడగొద్దు. చెప్పిన రోజు రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. రెండు రోజులకు ఒక ఫోను, వారానికి ఇంకొక ఫోను చేయాల్సిన బాధ్యత కాలేజీది. ఎవరు చేస్తారో పేరు రాసిపెట్టుకోకపోతే ఎవ్వరూ చేయరు.

ఇంటివాళ్లను కలపడంలో పొరపాటు జరుగుతుంటది. తల్లి, భర్త, అన్న అనుభవం విలువైందే, కానీ అది వేరే అనుభవం. పక్కన కూర్చోబెడితే ప్రతి ప్రశ్నకూ వాళ్లే జవాబు చెప్తారు. వాళ్లకు వేరే రోజు, వేరే క్లాసు పెట్టండి.

ప్రాక్టికల్ పరీక్షలో ఇరవైకి ఐదు మార్కులు అనుభవం ఉన్నోళ్ల చేతిలో పెట్టమని నేనంటాను. ఇంటర్నల్ పరీక్షలకు కాలేజీ స్థాయిలోనే ఇది చేయొచ్చు. వాళ్లు చూసేది మూడే: పిల్ల కళ్లలోకి చూసి మాట్లాడిందా, చెప్పేది పూర్తయ్యేదాకా ఆగిందా, అర్థం కానిది మళ్లీ అడిగిందా. మార్కులు లేని భాగస్వామ్యాన్ని పిల్లలు అతిథి ఉపన్యాసంగానే చూస్తారు. ప్రజల భాగస్వామ్యానికి ఎనిమిది మెట్లు ఉంటయని 1969లో షెర్రీ ఆర్న్‌స్టీన్ రాసిన లెక్క ఇక్కడ పనికొస్తది. సలహా అడగడం అందులో నాలుగో మెట్టే, నిజమైన భాగస్వామ్యం ఆరో మెట్టు. మార్కుల పెన్ను ఇస్తేనే ఆరో మెట్టు ఎక్కినట్టు.

ఇక పరిశోధన. ఎమ్మెస్సీ నర్సింగ్ థీసిస్‌లు ఏ లైబ్రరీలో చూసినా 'జ్ఞానం మీద స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ప్రభావం' అన్న పేరే వరసగా కనబడుతది. టీచింగ్ ఇస్తే మార్కులు పెరుగుతయి, అది అందరికీ తెలిసిందే. అనుభవం ఉన్నోళ్లను ముందు కూర్చోబెట్టుకుంటే ప్రశ్నలే మారిపోతయి. పాలమూరు నుంచి పుణెకో ముంబైకో పనికి పోయినప్పుడు మందులు ఎట్లా తెచ్చుకుంటున్నరు? వైకల్య సర్టిఫికెట్‌కు ఎన్నిసార్లు తిరగాల్సి వస్తోంది, అందులో 40 శాతం రాకపోతే ఏమైతోంది? మాత్ర దొరకని నెల ఇంట్లో ఏం చేస్తున్నరు? ఇవి నర్సు జవాబు వెతకగల ప్రశ్నలు, ఆ జవాబుతో ఓపీ పద్ధతి మారొచ్చు.

ఆరుగురి పరిశోధన బృందం ఉంటే ఇద్దరు అనుభవం ఉన్నోళ్లు ఉండాలె, ప్రతిపాదన రాయకముందే. పరిశోధనకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీకి పోయినాక చేర్చుకుంటే, ప్రశ్న మార్చడానికి వీలుండదు, సంతకాలకే మిగులుతారు. వాళ్ల రోజు కూలి, ఛార్జీలు బడ్జెట్‌లో మొదటి గీతలోనే రాయండి.

ప్రశ్నావళి తెలుగు చేయడంలో వాళ్లు లేకపోతే అంకెలే తప్పు వస్తయి. డిప్రెషన్ ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 తీసుకోండి. తొమ్మిది ప్రశ్నలు, పోయిన రెండు వారాల గురించి, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. అందులో రెండో ప్రశ్నను 'నిరాశ, నిస్పృహలకు లోనయ్యారా' అని పుస్తక తెలుగులో అడిగితే మునుగోడు ఊర్లో పెద్దమ్మ "లేదు బిడ్డా" అంటది. "మనసుల రంది ఉంటోందా, ఏది జూసినా యాష్టకొస్తోందా" అంటే గంట మాట్లాడుతది. కాబట్టి పద్ధతి ఇట్లా ఉండాలె: ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలె, కలిపి ఒకటి చేయాలె, మూలం చూడని మనిషి తిరిగి ఇంగ్లీషు చేయాలె, తర్వాత ఐదు నుంచి పది మందిని కూర్చోబెట్టి "ఈ ప్రశ్న మీకేం అర్థమైంది" అని అడగాలె. ఆఖరి మెట్టు వదిలేయడమే ఎక్కువ. రంది, బుగులు, పరేశాన్, పాణం గుంజుడు ఒక్కటి కావు. రందిలో పోయినదాని మీద గుంజుడు ఉంటది, బుగులులో వచ్చేదాని భయం ఉంటది. రెండింటినీ 'ఆందోళన' అని ఒకే గాటన కట్టేస్తే రెండు వేరువేరు బాధలు కలిసిపోతయి.

తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచన గురించి. దానికి సున్నా కాకుండా వేరే జవాబు వస్తే అదే రోజు ఎవరు మాట్లాడతారు, ఎవరి దగ్గరికి తీసుకుపోతారు అన్నది మొదటి ఫారం నింపకముందే రాసి ఉండాలె. టెలి మానస్ (సర్కారు మానసిక సాయం ఫోన్ లైన్) నంబరు 14416 ఇచ్చి పంపడం అదనపు సాయమే, అది ఒక్కటే ఏర్పాటు కావొద్దు.

ఒప్పుకోలు సంగతి చట్టంలో 99వ సెక్షన్‌లో ఉంది. కేవలం ఇంటర్వ్యూ చేసినా స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చిన అంగీకారం కావాలె, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. చదువు రానివాళ్ల విషయంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం సంబంధం లేని సాక్షి ఉండాలె. ఆశా కార్యకర్తనో, భర్తనో సాక్షిగా పెడితే అది సంబంధం లేని సాక్షి కాదు. కాగితం మీద 'స్వచ్ఛందంగా సమ్మతిస్తున్నాను' అని రాసి వేలిముద్ర వేయించుకోవడం కన్నా, "నువ్వు ఒద్దంటే ఒద్దు, నీ మందులు బంద్ కావు, నీ పింఛనుకు దీంతో లంకె లేదు" అని నోటితో చెప్పి, ఆ మనిషి తన మాటల్లో తిరిగి చెప్పేదాకా ఆగాలె.

ఇంటర్వ్యూ రికార్డింగులను రాసేటప్పుడు యాసను దిద్దొద్దు. టైపు చేసే పిల్ల 'గాయన గుస్సయితడు' అన్నదాన్ని 'ఆయన కోపిస్తారు' అని మారిస్తే, ఎవరి కోపానికి ఎవరు భయపడుతున్నరో మాయమైతది. కోడింగ్ (మాటలను అర్థాన్నిబట్టి గుంపులు చేయడం) చేసేటప్పుడు అనుభవం ఉన్న ఇద్దరూ పక్కనే ఉండాలె. వాళ్లకు చదవడం రాకపోతే ముక్కముక్క చదివి వినిపించాలె, టైము మూడింతలు పడుతది, ముందే అంత లెక్క వేసుకోవాలె.

వ్యాసంలో వాళ్ల పేరు పెట్టాలా వద్దా అన్నది వాళ్లిష్టం. కొందరికి తమ పేరు అచ్చులో చూడాలని ఉంటది, కొందరికి అది ఇంట్లో గొడవ. ఎవరి ఇష్టం ఏదో రాసి పెట్టుకోండి, అచ్చుకు పోయేముందు ఇంకోసారి అడగండి. ఫలితాలు ఒక్క పేజీలో, పెద్ద అక్షరాల్లో, మాట్లాడే తెలుగులో రాసి పాల్గొన్నవాళ్లకు చదివి వినిపించాలె. దానికి గ్రామ పంచాయతీ ఆఫీసు వాడొద్దు, ఎవరెవరు వచ్చారో ఊరంతా చూస్తది. నెల మందులకు ఓపీకి వచ్చే రోజున, పక్క గదిలో, ఒక్కొక్కరికి పది నిమిషాలు చాలు. "ఇందులో నువ్వు చెప్పింది తప్పుగా పడ్డదా" అని అడిగి, పడ్డదంటే థీసిస్ బైండింగ్‌కు ఇచ్చేముందే దిద్దాలె.